టాంటన్ అయిపోయాక, బార్సిలోనా

1999 మే 26 అనగానే మనోళ్ళలో చాలామందికి టాంటన్ గుర్తొస్తుంది, ఇంగ్లండ్ లో క్రికెట్ వరల్డ్ కప్ మ్యాచ్. గంగూలీ 183, ద్రావిడ్ 145, ఇద్దరూ కలిసి 318 పరుగులు, శ్రీలంక మీద మన స్కోరు 373. నాకూ గుర్తే, గంగూలీ ముందుకొచ్చి స్పిన్నర్లని ఎత్తి కొడుతుంటే క్వార్టర్స్ లో ప్రతి ఇంట్లోంచీ ఒకేసారి అరుపులు. కానీ నాకు ఆ తేదీ అక్కడితో అయిపోలేదు. మనం 157 పరుగులతో గెలిచి, అందరూ టీవీలు కట్టేసి డాబాల మీద చాపలేసుకుని పడుకున్నాక, అర్ధరాత్రి పన్నెండుంపావుకి బార్సిలోనాలో ఇంకో మ్యాచ్ మొదలైంది. యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ కీ జర్మనీ క్లబ్బు బయెర్న్ మ్యూనిక్ కీ. మన గడియారం ప్రకారం 27వ తేదీ వచ్చేసినట్టే గానీ నా లెక్కలో అదంతా ఒకటే రోజు, సాయంత్రం కార్గిల్ కొండల మీద మన వైమానిక దళం దాడులు మొదలుపెట్టిందన్న వార్త దగ్గర్నుంచి తెల్లవారుజామున రెండు దాటేదాకా ఒకటే పొడుగాటి రోజు.

అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి సెలవులకి సికింద్రాబాద్ లో పెదనాన్న వాళ్ళింటికి వచ్చి ఉన్నాను. లాలాగూడ రైల్వే క్వార్టర్స్. పెదనాన్న అక్కడి వర్క్ షాపులోనే ఫిట్టర్, రిటైర్మెంట్ దగ్గర పడింది. ఖమ్మంలో మా ఇంట్లో కేబుల్ లేదు, వాళ్ళింట్లో ఉంది, నేను సెలవులకి అక్కడికి పరిగెత్తడానికి సగం కారణం అదే, మిగతా సగం పెద్దమ్మ చేతి కొత్తావకాయ. రోహిణి కార్తె వచ్చేసింది కదా, రాత్రి పదకొండైనా శ్లాబు వేడి దిగదు, ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే. టీవీ ముందు గది నేల మీద తడిగుడ్డ పెట్టి తుడిచి అక్కడే కూర్చునేవాళ్ళం.

ఇంట్లో అందరికీ క్రికెట్ పిచ్చి, పెదనాన్నకి మాత్రం ఫుట్‌బాలే. ఆయన చిన్నప్పుడు హైదరాబాద్ అంటే ఫుట్‌బాల్ ఊరు మరి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది, ఆ టీముని తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన్ని పెదనాన్న ఎప్పుడూ రహీం సాబ్ అనేవారు, ఉత్తి రహీం అని ఎవరైనా అంటే ఊరుకునేవారు కాదు. బడిపంతులుగా పనిచేసిన మనిషి దేశం టీముకి కోచ్ అయ్యి 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళారు, 1962లో జకార్తాలో లక్షమంది మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చారు, తర్వాతి ఏడాదే క్యాన్సర్ తో పోయారు. ఆ మాట చెప్పినప్పుడల్లా పెదనాన్న గొంతు కొంచెం తగ్గేది. ఆ రెండు టీముల్లోనూ ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడే అని చెప్పేటప్పుడు మాత్రం మళ్ళీ లేచేది. లాలాగూడ నుంచి అమ్ముగూడ ఎంతని, సైకిల్ మీద వెళ్ళొచ్చే దూరం, అక్కణ్ణుంచి ఒకడు ఒలింపిక్స్ దాకా వెళ్ళాడంటే ఆ వయసు పిల్లాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

నాకు ఫుట్‌బాల్ అంటుకుంది 98 వరల్డ్ కప్ తో. అర్జెంటీనా మీద ఇంగ్లండ్ ఆటగాడు బెక్హామ్ కి రెడ్ కార్డ్ ఇచ్చారు చూడండి, అప్పట్నుంచి ఎందుకో నేను ఆ మనిషి పక్షం. ఇంగ్లండ్ అంతా అతన్ని తిట్టిపోసింది, ఏడాది తిరక్కుండా యునైటెడ్ తరఫున మూడు కప్పుల కోసం ఆడుతున్నాడు. ఎందుకంటే యునైటెడ్ అప్పటికే మే 16న టాటెన్‌హామ్ మీద గెలిచి లీగ్ కొట్టేసింది, 22న న్యూకాజిల్ మీద 2-0తో ఎఫ్ ఏ కప్ కొట్టేసింది, ఇదే మిగిలింది. అవతల బయెర్న్ కూడా జర్మన్ లీగ్ గెలిచి, అక్కడి కప్పులో ఫైనల్ చేరి ఉంది, అంటే వాళ్ళదీ మూడింటి ఆశే. ఇంకో సంగతి, ఆ సీజన్ లో గ్రూప్ దశలో కూడా వీళ్ళిద్దరూ ఒకే గ్రూప్, మ్యూనిక్ లో 2-2, మాంచెస్టర్ లో 1-1. అదే గ్రూప్ నుంచి ఇంటికెళ్ళిపోయిన పెద్ద టీము ఎవరంటే బార్సిలోనా! వాళ్ళ సొంత గ్రౌండ్ కాంప్ నౌలోనే ఫైనల్, స్టేడియంలో తొంభై వేల మంది.

పెదనాన్న ఎవరి వైపు ఉంటారో నేను ముందే అడిగాను. "ముసలాడు ఆడుతున్నాడు కదరా, అటే" అన్నారు. ముసలాడంటే బయెర్న్ లో ఆడే లోథార్ మథేయస్. 38 ఏళ్ళు. 1990లో జర్మనీ కెప్టెన్ గా వరల్డ్ కప్ ఎత్తినప్పుడు పెదనాన్న దూరదర్శన్ లో చూశారట, ఆ మనిషే తొమ్మిదేళ్ళ తర్వాత ఇంకా డిఫెన్స్ వెనకాల నిలబడి అందరికీ చేత్తో దారి చూపిస్తూ ఆడుతున్నాడు, ప్రపంచంలో అన్నీ గెలిచాడు ఈ కప్పు ఒక్కటే లేదు. 1987లో ఒకసారి ఇదే కప్పు ఫైనల్ లో పోర్టో మీద ముందుండి కూడా చివర్లో రెండు గోల్స్ ఇచ్చి 2-1తో ఓడిపోయింది బయెర్న్, అందులోనూ అతనున్నాడు. అది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ రాత్రి తెలిసుంటే నేను అంత గట్టిగా యునైటెడ్ వైపు ఉండగలిగేవాణ్ణి కాదేమో.

మ్యాచ్ మొదలైన ఆరో నిమిషంలోనే గోల్. బయెర్న్ ఫార్వర్డ్ యాంకర్ ని యునైటెడ్ డిఫెండర్ జాన్సన్ పడేశాడు, ఫ్రీ కిక్, మారియో బాస్లర్ గోడ పక్క నుంచి నేల మీదుగా కొట్టాడు, యునైటెడ్ గోల్ కీపర్ ష్మైకెల్ కదల్లేదు, నిలబడిన చోటే నిలబడిపోయాడు. అది ష్మైకెల్ కి యునైటెడ్ తరఫున ఆఖరి మ్యాచ్, కెప్టెన్ కూడా అతనే ఆ రోజు, ఎందుకంటే అసలు కెప్టెన్ రాయ్ కీన్ లేడు. కీన్ కీ పాల్ స్కోల్స్ కీ సెమీస్ లో యువెంటస్ మీద పసుపు కార్డులు పడి సస్పెన్షన్. ఆ టూరిన్ మ్యాచ్ లో 2-0 వెనకబడ్డాక మొదట తలతో గోల్ కొట్టి టీముని లేపింది కీనే, చివరికి 3-2తో గెలిచారు, అలాంటివాడు ఫైనల్ కి సూట్ వేసుకుని బయట కూర్చోవడం నాకు అప్పుడు అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. వాళ్ళిద్దరూ లేకపోయేసరికి యునైటెడ్ మేనేజర్ ఫెర్గుసన్ బెక్హామ్ ని మధ్యలోకి తెచ్చాడు, ఎడమ వైపు ఆడే గిగ్స్ ని కుడి వైపు పెట్టాడు, బ్లోంక్విస్ట్ ని ఎడమ వైపు పెట్టాడు. పెదనాన్న పది నిమిషాలు చూసి, "అటూ ఇటూ రెక్కలు మార్చేశారురా, ఇంక ఎగరడం కష్టం" అన్నారు. అలాగే అయింది. బంతి యునైటెడ్ కాళ్ళ దగ్గరే ఎక్కువసేపు ఉంది గానీ బయెర్న్ గోల్ కీపర్ ఓలివర్ కాన్ దాకా వెళ్ళేది తక్కువ, వెళ్ళినా గట్టిగా పోయింది లేదు.

నిజం చెప్పాలంటే ఫస్టాఫ్ అంత గొప్ప ఆట కాదు. ఇప్పుడు యూట్యూబ్ లో ఆఖరి మూడు నిమిషాలు మాత్రమే చూసేవాళ్ళకి ఇది తెలీదు. ఆఫ్ టైమ్ లో పెద్దమ్మ నిద్రలోంచి లేచొచ్చి "ఇంకా అవ్వలేదా, రేపు డ్యూటీ లేదా ఈయనకి" అని కుండలో నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

సెకండాఫ్ లో బయెర్న్ వాళ్ళే బాగా ఆడారు, ఇది ఒప్పుకోవాల్సిందే. షోల్ వచ్చాక మరీ. అతను ష్మైకెల్ తల మీదుగా మెల్లగా ఎత్తి వేశాడు, అది స్తంభానికి కొట్టుకుని తిరిగి ష్మైకెల్ చేతుల్లోకే వచ్చింది. తర్వాత కాసేపటికి యాంకర్ వెనక్కి తిరిగి గాల్లో కొట్టిన షాట్ పై బార్ కి తగిలింది. రెండిట్లో ఏ ఒక్కటి పడినా నేనీ పోస్టు రాసేవాణ్ణి కాదు. ఆ రెండింటి మధ్యలో, 80వ నిమిషంలో, మథేయస్ ని బయటికి పిలిచారు. అలసిపోయాడు పాపం, జుట్టంతా చెమట, జనం లేచి చప్పట్లు. అతని బదులు ఫింక్ వచ్చాడు. పెదనాన్నకి అది నచ్చలేదు. ముందుకి వంగి కూర్చుని, "ఎందుకు తీశార్రా, ఇంకో పది నిమిషాలేగా, వెనకాల నిలబడి మాట్లాడేవాడు ఒకడుండాలి కదా" అన్నారు. అటు ఫెర్గుసన్ అప్పటికే షెరింగామ్ ని దింపాడు, 81లో ఆండీ కోల్ ని తీసి సోల్షేర్ ని పంపాడు. చిన్నపిల్లాడి మొహం అతనిది, నాకు ఆ నిమిషం దాకా పెద్ద ఆశేం లేదు.

90 నిమిషాలు అయిపోయాయి. అదనంగా ఇంకో 3 నిమిషాలని బోర్డు చూపించారు. అప్పటికే కప్పు హ్యాండిళ్ళకి బయెర్న్ రంగుల రిబ్బన్లు కట్టేశారని తర్వాత చదివాను. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ప్రెసిడెంట్ జోహాన్సన్ కప్పు ఇవ్వడానికి పైనుంచి లిఫ్టులో కిందికి బయల్దేరి, గ్రౌండ్ లోకి వచ్చి చూసేసరికి గెలిచారనుకున్నవాళ్ళు ఏడుస్తున్నారు, ఓడారనుకున్నవాళ్ళు ఎగురుతున్నారు, ఇదేంటని ఆయనకి అర్థం కాలేదట.

ఎడమ వైపు కార్నర్. బెక్హామ్ పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. ష్మైకెల్ తన గోల్ వదిలేసి ఆకుపచ్చ జెర్సీలో ఇటు చివరిదాకా వచ్చేశాడు. బంతి వచ్చింది, గుంపులో పడింది, ఫింక్ దాన్ని గట్టిగా బయటికి తన్నాల్సింది సరిగ్గా తగల్లేదు, గిగ్స్ దగ్గరికి వెళ్ళింది, అతను కుడి కాలితో ఏదో కొట్టాడు, అదీ సరిగ్గా తగల్లేదు, దారిలో షెరింగామ్ ఉన్నాడు, తిప్పి మూలకి పంపాడు. 1-1. నేను అరిచిన అరుపుకి లోపల్నుంచి పెద్దమ్మ "ఏమైందిరా" అంది. పెదనాన్న ఏమీ అనలేదు, "ఫింక్" అన్నారు అంతే.

నేను ఇంక ఎక్స్‌ట్రా టైమ్ అనుకుని నీళ్ళు తెచ్చుకుందామని లేవబోయాను. ఆట మళ్ళీ మొదలైందో లేదో బంతి ఎడమ వైపు సోల్షేర్ దగ్గరికి వచ్చింది. ఎదురుగా శామ్యూల్ కుఫోర్. ఘనా దేశం, కుమాసి కుర్రాడు, అప్పటికి 22 ఏళ్ళు. ఆ రాత్రంతా అతను యునైటెడ్ ఫార్వర్డ్స్ ని కదలనివ్వలేదు, వేగం, బలం, గాల్లోకి లేవడం అన్నీ ఉన్నాయి, బయెర్న్ లో బాగా ఆడినవాళ్ళలో వాడొకడు. బంతి కుఫోర్ కి తగిలి బయటికి పోయింది, మళ్ళీ కార్నర్. మళ్ళీ బెక్హామ్. షెరింగామ్ తల, బంతి గోల్ ముందు నుంచి పోతోంది, సోల్షేర్ కాలు చాపాడు, నెట్ పై భాగంలోకి వెళ్ళింది. రెండు గోల్స్ మధ్య రెండు నిమిషాలు కూడా లేవు.

నేను మంచం ఎక్కేశాను. ష్మైకెల్ తన గోల్ దగ్గర ఒక్కడే పిల్లిమొగ్గలేశాడు. అంత పెద్ద మనిషి! కామెంటరీ ఏమీ వినపడలేదు, ఆ మ్యాచ్ రిఫరీ కొలీనా తర్వాత చెప్పాడట ఆ స్టేడియం చప్పుడు సింహాలు గర్జించినట్టు ఉందని.

పెదనాన్న వైపు తిరిగాను, ఏడిపిద్దామని. ఆయన టీవీకి బాగా దగ్గరగా జరిగి చూస్తున్నారు. "అరవకు, ఆ పిల్లాణ్ణి చూడు" అన్నారు. తెర మీద కుఫోర్. మోకాళ్ళ మీద పడి గడ్డిని పిడికిలితో గుద్దుతున్నాడు, లేస్తున్నాడు, మళ్ళీ పడుతున్నాడు, ఏడుస్తున్నాడు. ఆట ఇంకా అయిపోలేదు, సెకన్లు ఉన్నాయి, సెంటర్ లో బంతి పెట్టి మొదలుపెట్టాలి, కానీ బయెర్న్ వాళ్ళు ఒక్కరూ లేవట్లేదు. కొలీనా వచ్చి ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని లేపుతున్నాడు, కుఫోర్ ని కూడా లేపాడు, ఏదో చెప్పాడు. అప్పుడు పెదనాన్న అన్న మాట నాకు అలాగే గుర్తుంది, "వాడు చేసిన తప్పేం లేదురా. మథేయస్ కి ఇంక వయసైపోయింది, ఈ పిల్లాడికి ఇంకా టైముంది, వీడు తెస్తాడు చూడు."

విజిల్ వేశారు. ఫెర్గుసన్ మైకు ముందు మాట రాక తడబడటం, బహుమతుల దగ్గర కీన్, స్కోల్స్ సూట్లలో నిలబడి ఉండటం, అవన్నీ చూశాం. ఆ రోజు యునైటెడ్ పాత మేనేజర్ మ్యాట్ బస్బీ బతికుంటే తొంభయ్యో పుట్టినరోజు. 1958 ఫిబ్రవరి 6న ఆయన టీము కుర్రాళ్ళు విమానం కూలి చనిపోయింది కూడా మ్యూనిక్ లోనే, 1968లో యునైటెడ్ కి మొదటిసారి ఈ కప్పు తెచ్చిందీ ఆయనే, ఆ తర్వాత 31 ఏళ్ళకి మళ్ళీ ఈ రోజు, అదీ మ్యూనిక్ టీము మీద. ఇవన్నీ తర్వాత లైబ్రరీలో స్పోర్ట్స్ మ్యాగజైన్లలో చదివి తెలుసుకున్నవే, చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. యునైటెడ్ అభిమానిగా నేను ఆ రాత్రికి ఎప్పటికీ రుణపడి ఉంటాను, అందులో సందేహం లేదు.

కానీ పొద్దున్న లేచి పేపర్ కోసం గేటు దగ్గరికి పరిగెత్తితే మొదటి పేజీ అంతా కార్గిల్, గంగూలీ. ఫుట్‌బాల్ లేదు. రెండింటికి అయిపోయిన మ్యాచ్ ఆ ఎడిషన్ లో ఎలా వస్తుంది. క్వార్టర్స్ లో ఎవరికి చెప్పినా "అవునా" అని మళ్ళీ ద్రావిడ్ దగ్గరికే వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మధ్యాహ్నానికి మన రెండు యుద్ధ విమానాలు పోయాయని, ఒక పైలట్ పాకిస్తాన్ వాళ్ళకి చిక్కాడని వార్త వచ్చింది, పక్క బ్లాకులో ఒకళ్ళబ్బాయి ఆర్మీలో ఉన్నాడు, వాళ్ళమ్మ మా పెద్దమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది, ఇంక ఆ రోజు ఎవరూ ఏ ఆట గురించీ మాట్లాడలేదు. (ఆ అబ్బాయి క్షేమంగా వచ్చాడు.) అలా ఆ ఫైనల్ మా ఇద్దరి దగ్గరే ఉండిపోయింది, నా దగ్గరా పెదనాన్న దగ్గరా. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి లుంగీ కట్టుకుని ఆయనే మొదలుపెట్టేవారు, ఆ రెండో కార్నర్ కి ఎవడు ఎక్కడ నిలబడాల్సింది అని అరుగు మీద చింతగింజలు పెట్టి చూపించేవారు.

బయెర్న్ ఆ జూన్ లో జర్మన్ కప్ ఫైనల్ కూడా వెర్డర్ బ్రెమెన్ మీద పెనాల్టీల్లో పోగొట్టుకుంది. మథేయస్ మరుసటి ఏడాది అమెరికా వెళ్ళిపోయాడు. ఆ కప్పు అతనికి రానేలేదు. 2001 మే లో మిలాన్ లో బయెర్న్ వాలెన్సియా మీద పెనాల్టీల్లో గెలిచింది, కాన్ మూడు ఆపాడు, టీములో కుఫోర్ ఉన్నాడు. అప్పటికి పెదనాన్న రిటైరై ఖాజీపేట దగ్గర సొంతింటికి వెళ్ళిపోయారు, కళ్ళు బాగా మసకబారాయి, అర్ధరాత్రి టీవీ పెద్దమ్మ పెట్టనివ్వట్లేదు. ఆ మ్యాచ్ ఆయన చూడలేదు, నేనే చెప్పాను.

అదే ఏడాది నవంబర్ 27న టోక్యోలో ఇంటర్ కాంటినెంటల్ కప్, యూరప్ ఛాంపియన్ కీ దక్షిణ అమెరికా ఛాంపియన్ కీ మధ్య జరిగే ఒకే ఒక్క మ్యాచ్, బయెర్న్ కీ బోకా జూనియర్స్ కీ. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను, మర్నాడు మెస్ లో ఇంగ్లీషు పేపర్ చివరి పేజీలో ఒక మూల చిన్న వార్త, ఎక్స్‌ట్రా టైమ్ లో బయెర్న్ 1-0, గోల్ కొట్టింది కుఫోర్. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. ఆ పేపర్ అలాగే మడిచి జేబులో పెట్టుకుని గేటు ఎదురుగా ఎస్టీడీ బూత్ కి వెళ్ళి ఖాజీపేట ఫోన్ చేశాను.

"పెదనాన్నా, మీ పిల్లాడు కొట్టాడు" అన్నాను.

ఎవరని అడగలేదు. "ఎన్నో నిమిషం?" అన్నారు.

"109."

"కార్నరేనా?"

పేపర్లో ఉన్న నాలుగు లైన్లూ తెలుగులో చెప్పాను. మీటర్ మీద రూపాయలు పెరుగుతున్నాయని చెప్తున్నా వినకుండా, మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుని, "ఆగు, మీ పెద్దమ్మకి కూడా చెప్పు" అని ఫోన్ ఆవిడకిచ్చారు.